తడిబరువు

ఆ లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళు ఆమెను మైకక్క అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. పెద్దాసుపత్రి అడుగున, వెలుతురు రాని నేలమాళిగలో ఉంటుంది ఆ లాండ్రీ. పై అంతస్తుల్లోని రోగుల దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు, ఆపరేషను గది గుడ్డలు పొద్దున్నుంచీ బళ్ళకెక్కి దిగుతూనే ఉంటాయి. ఉతికే మిషన్ల హోరులో పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా సగమే వినపడుతుంది. ఆ హోరును చీల్చుకుని అవతలి గోడదాకా పోయే గొంతు అక్కడ ఒక్కటే ఉంది.

ఆ గొంతుతో ఆమె చాలా గెలిచింది. గాలాడని గదికి ఫ్యాన్లు తెప్పించింది. కడుపుతో ఉన్నవాళ్ళను బరువు బళ్ళ దగ్గర్నుంచి మడత బల్ల దగ్గరికి మార్పించింది. కొత్తగా పనిలో చేరి బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ ప్రతి పిల్లకీ ఆమె చెప్పే మొదటి పాఠం ఒకటే: అడగందే అమ్మైనా పెట్టదు, నోరు తెరిచి అడుగు.

ఇప్పుడు నడుస్తున్నది తడిబరువు గొడవ. ఒక్కో మనిషి రోజుకు ఇంత బట్ట ఎత్తాలని మేనేజరు ఒక లెక్క కట్టాడు. కట్టడం పొడిబట్టను తూచి కట్టాడు. ఆడవాళ్ళు ఎత్తేదేమో తడిబట్ట. నీళ్ళు పిండే మిషను ముసలిదైపోయి సగం నీళ్ళు దుప్పట్లోనే వదిలేస్తుంది. పొడిగా ఉన్న దుప్పటిని చంటిపిల్లయినా మడత పెట్టేస్తుంది. అదే దుప్పటి, అదే నీలం చార, అదే ఆసుపత్రి ముద్ర, తడిసిందంటే పీనుగులా బరువెక్కుతుంది. చూసేవాడి కంటికి రెండూ ఒకటే. ఎత్తేవాళ్ళ నడుముకే తేడా తెలిసేది. పొడిబరువు కాగితానిది, తడిబరువు చేతులది అని మైకక్క ఎన్నిసార్లు అన్నదో.

మేనేజరు దుర్మార్గుడేం కాదు. దుర్మార్గుడైతే ఎంత బావుండేది, తిట్టి ఊరుకునేవాళ్ళు. అతను నవ్వుతూ వింటాడు, కుర్చీ చూపిస్తాడు, చివర్న మాత్రం ఒకే మాట అంటాడు: "నాకు తెలుసు లెండమ్మా ఎంతుంటుందో." జన్మలో ఒక్క తడి దుప్పటి ఎత్తి ఎరగడు, తెలుసుట. మోసేవాళ్ళను అడగండి సారూ అని ఈమె అంటుంది. నాకు తెలుసు లెండమ్మా అని అతను అంటాడు. ఏడాదిగా ఇదే పాట.

ఇంటికి వచ్చాక ఆ పాటను మైకక్క కూతురికి ఆడి చూపించేది. కళ్ళజోడు లేకపోయినా ముక్కు చివరికి జార్చినట్టు చూసి, లేని పొట్టను ముందుకు తోసి, "నాకు తెలుసు లెండమ్మా" అంటుంటే కూతురు మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వేది. అదంతా ఒకప్పటి మాట. ఈమధ్య ఆడి చూపించినా పిల్ల పెదవి సాగదీసి ఊరుకుంటోంది. పెద్దదవుతోంది కదా, సిగ్గు వచ్చిందనుకుంది తల్లి.

పిల్లను ఇంట్లో పిట్ట అంటారు. వాళ్ళ నాన్న పెట్టిన పేరది. ఆయన దూరప్రయాణాల లారీ తోలుతాడు, ఎప్పుడొస్తాడో లారీకి కూడా తెలీదు. పిట్టకు బడి వయసు రాకముందు ఇంట్లో చూసే దిక్కులేక తల్లి దాన్ని లాండ్రీకి తెచ్చుకునేది. మూల గలీబుల గుట్ట మీద కూర్చుని ఆడుకునేది. అక్కడి మాటలన్నీ అక్కడే పట్టేసింది. నిండు బకెట్టు ఎత్తబోయి "అమ్మో, తడిబరువు" అనేది. లారీ దిగి వచ్చిన నాన్న నిద్రపోతున్న దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కుతూ "ఏంటే ఇది, తడిబరువైంది" అని తల్లితో అంటే, నిద్రలోనే నవ్వేది. ఆ ఇంట్లో అది నవ్వు మాట.

అలాంటి మాటను పిట్ట ఒక పొద్దున నవ్వు లేకుండా అంది.

బడికి టైమవుతోంది. కిందికి దిగే మెట్ల మీద కూర్చుని ఉంది. ఒక కాలికి బూటుంది, రెండోది చేతిలో ఉంది. తల్లి తాళం వేసి వెనకాల నిలబడి, లేవవేమే అంటే, "తడిబరువుగా ఉందమ్మా" అంది.

మైకక్క సంచి ఎత్తి చూసింది. నిజమే, రాళ్ళ మూట. పదకొండేళ్ళ పిల్ల వీపు మీద ఇంత బరువా అని ఒళ్ళు మండిపోయింది. ఆమెకు ఒళ్ళు మండితే ఊరుకునే అలవాటు లేదు. ఆ రోజే బడికి వెళ్ళి పెద్దసారు బల్ల ముందు ఆ సంచి దభాలున పెట్టింది. తోటి తల్లిదండ్రులను పోగేసింది. మళ్ళీ వెళ్ళింది, ఇంకోసారి వెళ్ళింది. చివరికి తరగతి గదిలో బీరువాలు పెట్టించి, పుస్తకాలు బడిలోనే ఉంచేట్టు ఒప్పించి గాని వదల్లేదు. ఆ తరగతి పిల్లలందరి వీపులూ తేలికయ్యాయి. నీలాంటి తల్లి ఉండాలమ్మా అన్నారు నలుగురూ.

పిట్ట మాత్రం మర్నాడూ అదే మెట్టు మీద కూర్చుంది.

"ఇంకా ఏంటే. సంచి దూదిలా ఉంది కదా."

"ఊఁ."

"మరి లే."

లేచింది. చెబితే లేస్తుంది, అదే వచ్చిన చిక్కు. ఏడ్చి గోల చేసే పిల్ల అయితే ఇంటిల్లిపాదీ పరిగెత్తేవాళ్ళు. ఇది చెప్పిన పని చేస్తుంది, కాకపోతే నీళ్ళలో నడిచినట్టు చేస్తుంది. తల దువ్వుకోవడానికి పూట పడుతుంది. కంచంలో అన్నం కెలికి కెలికి వదిలేస్తుంది. పళ్ళు తోముకోవే అని పదిసార్లు అంటే గాని తోముకోదు. గట్టిగా అంటే చిర్రున లేస్తుంది, తలుపు విసిరేస్తుంది, మళ్ళీ పిల్లిలా ముడుచుకుంటుంది. బద్ధకం, పొగరు, ఈ కాలం పిల్లల వేషాలు అని పేర్లు పెట్టుకుంది తల్లి. ఒక సాయంత్రం ఆమె ఉప్పు చెమటతో ఇంటికొచ్చి గోడకు చేరగిలబడి అలిసిపోయానే అంటే, పక్కన పడుకున్న పిట్ట, నేను కూడా అంది. మైకక్కకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "ఏం మోశావే ఇవాళ" అంది. దెప్పిన మాట అది. పిట్ట అటు తిరిగి పడుకుంది.

చివరికి బడి టీచరు కబురంపింది. పిట్ట బల్ల మీద తల పెట్టుకుంటే పిలిచినా ఎత్తడం లేదని, చదువు మాట తర్వాత, ముందు డాక్టరుకు చూపించమని. రక్తం తక్కువై ఉంటుందనుకుంది తల్లి. ఆసుపత్రిలోనే పనిచేస్తూ ఆ మాత్రం చూపించుకోలేకపోవడం ఏంటని మర్నాడే తీసుకెళ్ళింది. రక్తం బాగానే ఉంది. కళ్ళు బాగానే ఉన్నాయి. పిల్లల డాక్టరు చీటీ మీద ఏదో గీకి, మూడో అంతస్తుకు వెళ్ళండి, పిల్లల మనసు చూసే డాక్టరమ్మ ఉంటారు అన్నాడు.

మనసు చూడ్డమేంటి, మనసేమన్నా మెళ్ళో వేలాడుతుందా అనుకుంటూనే మైకక్క మెట్లెక్కింది. లిఫ్టు రోగులకే. కింద లాండ్రీలో ఆమె బండి అలాగే ఉంది, పొడుగామె కాసేపు చూసుకుంటానంది. పొడుగామె అంటే ఆమె పక్క మిషను మనిషి. తాటిచెట్టంత ఉంటుంది గాని గొంతు మాత్రం గదిలో దోమంత.

మూడో అంతస్తు డాక్టరమ్మకు జలుబు. బల్ల మీద టీ మీగడ కట్టి ఉంది. మూల ఒక డబ్బాలో చక్రం ఊడిన కారు, చెయ్యి లేని బొమ్మ, ఏవో ఉన్నాయి. పొద్దున్నుంచీ ఇదే కుర్చీలో కూర్చున్న మనిషి అని చూడగానే తెలుస్తుంది. మైకక్కకు ఆవిడ మీద జాలి వేసింది, పనిచేసి అలిసినవాళ్ళను ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

డాక్టరమ్మ ఇద్దర్నీ విడివిడిగా అడుగుతానంది. అడిగే ప్రశ్నలు ఇద్దరికీ అవే. ముందు తల్లిని. పిట్ట వరండాలో బల్ల మీద కూర్చుంది.

మైకక్క చెప్పింది. ఆమెకు చెప్పడం ఒక లెక్కా. చిరాకు పడుతుందండీ, పడుతుంది. అన్నం తినదు. పని చెబితే ఈడ్చుకుంటూ చేస్తుంది. మొండి. మాట వినపడనట్టు నటిస్తుంది. దిగులుగా ఉంటుందా అంటే, దిగులెందుకండీ, లేకలేక పుట్టింది, దానికేం తక్కువ చేశాం అంది. ఏడుస్తుందా అంటే, పుట్టి బుద్ధెరిగాక అది ఏడ్చి ఎరగదు, నా కూతురు అంది, ఆ అనడంలో కాస్త గర్వం కూడా ఉంది. నిద్ర సంగతి అడిగితే, మంచమెక్కితే రాయే అంది. తను మంచమెక్కితే రాయవుతుందని, పక్కనున్నది ఏం చేస్తుందో రాయికి తెలీదని ఆ క్షణాన ఆమెకు తట్టలేదు.

తర్వాత పిట్ట లోపలికి వెళ్ళింది. మైకక్క వరండాలో కూర్చుంది. తలుపు మూసే ఉంది. అంతసేపు ఏం మాట్లాడుతోందో తెలీలేదు. ఇంట్లో ముక్తసరిగా ఊఁ అనే పిల్ల, ముక్కూ మొహం తెలీని డాక్టరుతో ఇంతసేపు మాట్లాడుతోందంటే ఆమెకు ఎక్కడో చురుక్కుమంది. ఒక బండి గలగలమంటూ ఆమె ముందునుంచే పోయింది, నిండా మాసిన దుప్పట్లు. కిందికే పోతున్నాయి, రేపు తన చేతికే వస్తాయి.

తలుపు తీసి డాక్టరమ్మ పిలిచింది. ఈసారి ముగ్గురూ కూర్చున్నారు. నువ్వు చెప్పినవి అమ్మకు చెప్పనా అని పిట్టను అడిగింది, పిట్ట తలూపింది. అప్పుడు నిదానంగా చెప్పింది డాక్టరమ్మ. చిరాకు, తిండి, పనులు సాగకపోవడం, వీటి సంగతి ఇద్దరూ ఒకేలా చెప్పారు. తేడా వచ్చింది మిగతా వాటి దగ్గర. తెల్లవారకముందే మెలకువ వస్తుందని, మళ్ళీ నిద్ర పట్టదని పాప అంది. స్నానానికి వెళ్ళి కొళాయి పూర్తిగా తిప్పి ఏడుస్తానంది. ఎందుకూ పనికిరాననిపిస్తుందంది. పొద్దున్న లేవకపోతే బావుండునని కొన్ని రోజులుగా అనిపిస్తోందంది.

మైకక్క కూతురి వైపు చూసింది. పిట్ట తన మోకాలి వైపు చూస్తోంది.

"ఇంకో మాట కూడా అంది పాప. నాకది అర్థం కాలేదు," డాక్టరమ్మ ముక్కు తుడుచుకుంది. "తడిబరువు అంది. మీ ఇంట్లో మాటా?"

మైకక్కకు ప్రాణం లేచొచ్చినట్టయింది, తనకు తెలిసిన సంగతి ఇన్నాళ్ళకు ఒకటి దొరికింది. బడి సంచి కథంతా చెప్పింది. పెద్దసారు, బీరువాలు, తోటి తల్లిదండ్రులు, అంతా. దాని బరువు ఎప్పుడో తీయించేశానండీ అంది.

"సంచి కాదమ్మా," అంది పిట్ట.

"మరి?"

పిట్ట చెయ్యి లేచి గొంతు కిందా పొట్ట పైనా ఎక్కడో ఆనింది, తనకే చోటు సరిగ్గా తెలీనట్టు అక్కడే కాసేపు తిరిగింది. మళ్ళీ ఒళ్ళో పడింది.

మైకక్కకు భయం వేసింది. ఆమెకు భయం వేస్తే అది కోపమై బయటికొస్తుంది, పుట్టుబుద్ధి. మేడమ్, పిల్లలు గోరంత ఉంటే కొండంత చెబుతారు, మీరడిగారు కాబట్టి చెప్పింది అంది. ఏడిస్తే నాకు తెలీదా, రెండు గదుల ఇల్లు మాది అంది. గొంతు లాండ్రీలో మాదిరి లేచింది, వరండాలో ఎవరో తొంగిచూశారు. "కన్నదాన్ని నేను. నాకు తెలుసు లెండి మేడమ్ ఎంతుంటుందో."

పిట్ట తలెత్తింది. ఎగతాళి లేదు ఆ మొహంలో, పోట్లాట లేదు, ఏదో పోగొట్టుకున్న వస్తువు కంటబడితే చూసినట్టు చూసింది.

"అమ్మా, అది మేనేజరు మాట."

మైకక్క నోరు తెరిచింది. ఏడాదిగా మిషన్ల హోరు మీదుగా అరిచిన నోరది, తడిబరువు సంగతి వినే ఆసుపత్రి కమిటీ ముందు అనాలని కూడబెట్టుకున్న మాటలు దొంతరలు దొంతరలుగా ఉన్నాయి లోపల. ఒక్కటీ పనికిరాలేదు. ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, ముందుకు తోసిన పొట్ట, అన్నీ తన ఒంటి మీదే ఉన్నట్టు తోచి కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

డాక్టరమ్మకు మేనేజరెవరో తెలీదు, అడగనూ లేదు. "మీ ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదమ్మా," అంది. "బయటికి కనపడేవి మీరు చెప్పారు, కనపడనివి పాప చెప్పింది. ఈ బల్ల దగ్గర రోజూ చూసేదే ఇది. నాకు రెండూ కావాలి." దీనికి మందో మాకో తర్వాత చూద్దాం, ముందు వారం వారం వచ్చి మాట్లాడాలంది. లేవకపోతే బావుండునన్న మాట వచ్చింది కాబట్టి ఆలస్యం చేయొద్దంది. ఈ వారం రోజులూ పిల్లను ఒంటరిగా వదలొద్దని, అలాంటి తలపు గట్టిపడితే వేళ చూడకుండా తీసుకురమ్మని చెప్పింది. తనకు ఖాళీ ఉన్నది గురువారం మధ్యాహ్నం.

గురువారం మధ్యాహ్నం అంటే కమిటీ. ఆసుపత్రి పెద్దలంతా కూర్చుని తడిబరువు సంగతి వింటామని ఏడాది తిప్పాక ఇచ్చిన పూట. ఆ పూట కోసం మైకక్క చెప్పులు అరిగాయి, గొంతు అరిగింది. ఇంకో రోజు కుదరదా మేడమ్ అని అడిగింది. ఆ పై వారం గురువారమే అంది డాక్టరమ్మ, అప్పటిదాకా ఆగొద్దని కూడా అంది. చూసి చెబుతాను అంది మైకక్క. తిప్పి పంపడానికి మేనేజరు అనేది కూడా అదే. ఈసారి పిట్ట అనలేదు, ఈమెకే వినపడింది.

మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు మలుపులో పిట్ట ఆగింది. గోడకు వీపు ఆనించి నిలబడింది. లాండ్రీ బూట్లు వేసుకున్న తల్లి రెండు మెట్లు కింద ఆగి వెనక్కి తిరిగింది. ఇద్దరి మొహాలూ సమానంగా వచ్చాయి.

"నాకెందుకు చెప్పలేదే," అంది. మామూలుగా అయితే ఆ మాట ఆ మెట్లన్నీ వినేవి. ఇప్పుడు పిట్టకొక్కదానికే వినపడింది.

"చెప్పాను."

"ఎప్పుడు?"

"తడిబరువు అన్నాను కదా. నువ్వు సంచి తీయించావు." మెట్టు వైపు చూస్తూ, "అందరూ నిన్ను మెచ్చుకున్నారు. ఇంక సంచి కాదని ఎలా చెప్పను," అంది.

అడగందే అమ్మైనా పెట్టదు. అడిగింది పిల్ల. తన భాషలోనే, తన పని మాటే తీసుకుని, తనకు అర్థమయ్యేట్టే అడిగింది. పెట్టింది అమ్మ, అడగనిది పెట్టింది, అదీ ఊరందరికీ పెట్టింది. మైకక్కకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీలేదు. కోపం లేకుండా ఎలా నిలబడాలో కూడా ఆమెకు అంతగా తెలీదు. పిట్ట చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దిగింది.

అప్పటినుంచి ఆ వారం పిట్ట బడి అయ్యాక లాండ్రీకే వచ్చింది, చిన్నప్పటిలా మూల కూర్చుంది, గలీబుల గుట్ట ఇప్పుడు దానికి చాల్లేదు. మధ్యలో నాన్న ఫోన్ చేశాడు. మైకక్క సంగతంతా చెబితే వెనక లారీ ఇంజను చప్పుడు ఒక్కటే వినపడింది. నేనొచ్చేస్తాను అన్నాడు చివరికి. వచ్చి ఏం చేస్తావయ్యా అని అలవాటుగా అనబోయి, "రా" అంది.

గురువారం ముందురోజు ఆడవాళ్ళను పోగేసి రేపు కమిటీకి తను రావట్లేదని చెప్పింది. మొదట ఎవరూ నమ్మలేదు. మైకు లేకుండా మీటింగేంటక్కా, పెళ్ళికొడుకు లేని పెళ్ళిలాగా అంది ఒకామె. ఇంకొకామె మొహం ముడుచుకుంది, ఏడాది మమ్మల్ని ఎగదోసి ఇప్పుడు తప్పుకుంటున్నావా అనేసింది. ఆ మాట గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది. పిల్లకు బాగాలేదని చెప్పింది మైకక్క. జ్వరమా అన్నారు. కాదు అంది. మరేంటి అన్నారు. ఏం చెప్పాలో వెతుక్కుని, తడిబరువు అంది. ఆడవాళ్ళు మూల కూర్చున్న పిట్ట వైపు చూశారు. ఇంకేమీ అడగలేదు.

మాట్లాడ్డానికి పొడుగామెను పొమ్మంది. నాకు మాటలు రావక్కా, నీలాగా మాట్లాడలేను అంది పొడుగామె.

"నేను మాట్లాడి ఏడాదైంది, ఏమైంది. నువ్వు మాట్లాడకు. మిషనులోంచి అప్పుడే తీసిన దుప్పటి ఒకటి బకెట్లో వేసుకుపో. తీసి వాళ్ళ చేతుల్లో పెట్టు. ఊరుకో."

గురువారం మధ్యాహ్నం మైకక్క, పిట్ట మూడో అంతస్తులో ఉన్నారు. కింద అదే వేళకు కమిటీ గది తలుపు తీసుంటారు. ఆమె చెవులు కిందే ఉన్నాయి, అబద్ధమెందుకు. పొడుగామె తలుపు దగ్గరే నిలబడిపోతుందేమో, బకెట్టు ఒలకబోసుకుంటుందేమో, మేనేజరు నవ్వి కుర్చీ చూపిస్తాడేమో. ఏడాది పంట పొడుగామె చేతిలో పెట్టి వచ్చింది.

డాక్టరమ్మ జలుబు తగ్గింది, అలసట తగ్గలేదు. మళ్ళీ ముందు తల్లినే లోపలికి పిలిచింది. ఈ వారం ఎలా ఉందని అడిగింది. ఈమె చూసినవి చెప్పింది: రెండు పూటలు కాస్త తింది, ఒక పూట అసలు తినలేదు, తలుపు ఒకసారి విసిరింది, బడికి ఒకరోజు వెళ్ళలేదు, నేనూ వెళ్ళమనలేదు.

ఏడ్చిందా అని అడిగింది డాక్టరమ్మ.

మైకక్క జవాబు నాలుక చివర ఉంది. ఏడవలేదు అని ఉంది అక్కడ, ఎందుకంటే ఈమె చూడలేదు. దాన్ని మింగింది. తడి దుప్పటి ఎత్తడం కన్నా కష్టమైంది మింగడం.

"నాకు తెలీదు మేడమ్," అంది. "మోసేది అది. దాన్నే అడగండి."

బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది. పిట్ట లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. లోపల ఏం చెబుతోందో ఈసారి కూడా వినపడలేదు, ఈసారి చురుక్కుమనలేదు, అంతే తేడా. వరండా చివరి కిటికీలోంచి ఎదుటి గోడ, ఆ గోడ మీద నీళ్ళ గొట్టం కనిపించాయి. వాటినే చూస్తూ కూర్చుంది.

పిట్ట ఇంకా లోపల ఉండగానే పొడుగామె మెట్లెక్కి వచ్చింది, చీర కుచ్చిళ్ళు తడిసి ముద్దయ్యాయి. రొప్పుతూ చెప్పింది. దుప్పటి తీసి కమిటీ పెద్దాయన చేతుల్లో పెడితే పెద్దాయన ముందుకు వంగిపోయాడట. నీళ్ళు బల్ల మీదుగా పారి మేనేజరు బూట్లలోకి పోయాయట. ఎవరూ నవ్వలేదట, నవ్వుదామనుకున్నా భయమేసిందట.

మరి ఏమన్నారని అడిగింది మైకక్క.

"తూస్తాం అన్నారక్కా. తడిది తూచి చూస్తామన్నారు. ఎప్పుడో చెప్పలేదు." పొడుగామె కుచ్చిళ్ళు పిండుకుంది. "నువ్వుంటే రోజు కూడా చెప్పించేదానివి."

చెప్పించేదేమో. చెప్పించేది కాదేమో. మైకక్క తలూపింది. నువ్వు బాగా చేశావే అని మాత్రం అంది, ఆ మాట పొడుగామెకు ఎవరూ ఇంతకుముందు అని ఉండరు, తడి కుచ్చిళ్ళతోనే నిలబడి ఇంకోసారి అంటుందేమోనని చూసి వెళ్ళింది.

సాయంత్రం ఇద్దరూ ఇంటికి నడిచారు. దారిలో పిట్ట, గెలిచారా అని అడిగింది. ఇంకా తెలీదు అంది తల్లి. నావల్ల ఓడిపోతారా అని అడిగింది. నీవల్ల కాదు, గెలిస్తే మాత్రం నీవల్లే, ఆ దుప్పటి ఉపాయం నువ్వు ఆసుపత్రి మెట్ల మీద అన్న మాటల్లోంచే వచ్చింది అంది తల్లి. అది పూర్తిగా నిజం కాదు, అలాగని అబద్ధమూ కాదు.

ఇంటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి మైకక్క కాళ్ళు ఇంక సాగలేదు. పిట్ట పొద్దున్నే కూర్చునే మెట్టు మీదే కూలబడింది. పిట్ట కూడా పక్కన కూర్చుంది. పై వాటాలో ఎవరో కొళాయి తిప్పారు, గోడలోంచి నీళ్ళు జారుతున్న చప్పుడు వచ్చింది. మైకక్క ఆ చప్పుడు ఇన్నేళ్ళుగా విన్నదే, ఇవాళ ఆగేదాకా విన్నది.

"అలిసిపోయానే," అంది.

"నేను కూడా," అంది పిట్ట. అని, తల్లి వైపు ఓరగా చూసింది, ఏమంటుందోనని.

తల్లి నోటికి పాత మాటే వచ్చింది. వేరే మాట ఆమె దగ్గర లేదు. కాకపోతే అన్నాక మొహం తిప్పుకోలేదు, ఎదురుచూస్తూ కూర్చుంది.

"ఏం మోశావే ఇవాళ?"

పిట్ట బూటు లేసు విప్పింది, మళ్ళీ ముడి వేసింది. తల్లికి సాయం చేయాలనిపించింది, ఇదా, అదా అని నాలుగు మాటలు అందించాలనిపించింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

"పొద్దున లేచాను కదా," అంది పిట్ట చివరికి, "అక్కణ్ణుంచి చెప్పనా?"

"అక్కణ్ణుంచే చెప్పు."